ఇంజనుకు తోలు కోసిచ్చిన దేవసహాయం గారు

గత నెలలో ఒక మంగళవారం, పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ, మా సంఘ పెద్ద దేవసహాయం గారు వెంకురెడ్డి గారి తోట బావిలో కన్నుమూశారు. ఇటువంటి వార్తను 'ప్రభువు నందు నిద్రించారు' అని రాయడం మన ఆచారం. పదిహేనేళ్ళుగా ఈ సంఘానికి ఉపదేశిగా ఉంటూ ఎందరి గురించో ఆ మాట రాశాను. ఈయన గురించి రాయబోతే కలం కదలలేదు.

ఆ వేళ నేను బడిలో రెండో తరగతికి ఎక్కాలు చెబుతున్నాను. ఆయన పినతండ్రి మాలకొండయ్య, డెబ్బై దాటిన ముసలివాడు, పరుగున వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యోరా, మా దేవసాయం బాయిలో దిగినాడు. పిలిస్తే పలకడంల్యా."

"ఎంతసేపయింది?" అన్నాను.

"దీపం ఎలగతానే ఉండాది అయ్యోరా. ఎలగతానే ఉండాది" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో బావి దగ్గరికి పోయిన తరవాత గాని నాకు తెలియలేదు. దాన్ని ముందుకు రాస్తాను. మొదట ఆ మనిషి ఎవరో చెప్పాలి.

ఈ పత్రిక చదివే సహోదరులలో కొందరు ఆయనను సంవత్సర మహాసభలలో చూసి ఉంటారు. పొడగరి. కుడిచేతి వేళ్ళకు తోళ్ళు నానబెట్టే తంగేడు చెక్క రంగు ఎక్కి జీవితాంతం వదలలేదు. కీర్తన పాడేటప్పుడు అందరికంటే ఒక పలుకు వెనక ఉండేవారు. "నేను ఎనకబడినా పాట ఆగదు గదా అయ్యోరా" అనేవారు. అక్షరాలు రావు. కాని వాక్యంలో ఏ సంగతి ఎక్కడుందో నాకంటే బాగా తెలుసు.

మా పల్లె ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారికి ఎడంగా, రాతి నేలల నడుమ ఉంది. తాతల కాలం నుంచి పల్లెలో అందరిదీ తోలు పనే. ఎద్దుల చేత బావి నీళ్ళు తోడించే కపిలకు తోలు తొండం ఉంటుంది. ఒక్కో తొండానికి ఒక దున్నపోతు తోలు పూర్తిగా పట్టేది. ఏడాది తిరిగేసరికి అది చినిగిపోయేది. చుట్టుపక్కల మెట్ట ఊళ్ళ బావులన్నిటికీ తొండాలు కుట్టింది మావాళ్ళే. పంట నూర్చినప్పుడు కళ్ళంలో మా వంతు గింజలు మాకు కొలిచి పోసేవారు. ప్రతి బావిలోనూ మా తోలు దిగేది. మా చెయ్యి మాత్రం ఏ బావి నీళ్ళనూ తాకకూడదు. అదీ మా బతుకు.

ఒక అపొస్తలుడు సముద్రం ఒడ్డున తోలు పనివాడి ఇంట్లో బస చేసినట్టు లేఖనంలో ఉంది. ప్రార్థన కూటం ఎవరింట జరిగినా దేవసహాయం గారు ఆ భాగమే చదవమనేవారు. "చదువు అయ్యోరా, ఆ తోలాయన ఇంటి సంగతి చదువు." చదివిన తరవాత అందరి వైపూ తిరిగి, "ఇన్నారా? దేవదూత గూడా తోలోళ్ళ ఇల్లు యాడుందో ఆనవాలు చెప్పి పంపించినాడు. మన రెడ్డోరికి మాత్రం మన ఈదికి దారి తెలవదు" అనేవారు. ఎన్నిసార్లు విన్నా జనం నవ్వేవారు.

యంత్రాల మీదికి ఆయన బుద్ధి ఎలా పోయిందో ఒక సంగతి చెబుతాను. యుద్ధం ముగిసిన కొత్తల్లో ఉదయగిరి బస్సు ఇంకా బొగ్గు మీదే నడిచేది. ఒకనాడు మేమిద్దరం అందులో వస్తుంటే ఎత్తు మీద ఆగిపోయింది. ఇంజనుకు నీళ్ళు తిప్పే పంపు దగ్గర బిళ్ళ అరిగిపోయి నీళ్ళన్నీ కారిపోతున్నాయి. డ్రైవరు తల పట్టుకుని కూర్చున్నాడు. దేవసహాయం గారు వంగి చూశారు. కాలి చెప్పు విప్పి, నడుములోని కత్తి తీసి, మడమ దగ్గర గుండ్రంగా ఒక ముక్క కోశారు.

"ఏందయ్యా, చెప్పుతో బస్సు నడపమంటావా?" అన్నాడు డ్రైవరు.

"మనుషులే నడస్తా ఉండారు, నీ బస్సుకేం పొయ్యింది?"

బస్సు కదిలింది. ఆయన ఆత్మకూరులో దిగి, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి మన్నుతో ఇంటిదాకా నడిచారు. దారి పొడుగునా ఆ పంపు లోపల నీళ్ళు ఎటు పోయి ఎటు వస్తాయో నాకు చెబుతూనే ఉన్నారు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు వెంకురెడ్డి గారు నెల్లూరు నుంచి ఆయిలు ఇంజను తెచ్చారు. మా వైపు అదే మొదటిది. కొబ్బరికాయ కొట్టి తిప్పితే, ఎనిమిది ఎద్దులు పూటంతా తోడే నీళ్ళు గంటలో కాలవకెక్కాయి. జనం కేకలు వేశారు. మావాళ్ళు దూరంగా నిలబడి చూశారు. బావి గట్టు మీద విప్పి పారేసిన కపిల తొండం పడి ఉంది.

నెల తిరగకముందే ఇంజను తిరుగుతున్నా నీళ్ళు రావడం మానేశాయి. నెల్లూరు మేస్త్రీ పది రోజులకు గాని రాలేనన్నాడు. మిరపతోట తల వాల్చేసింది. దేవసహాయం గారు పోయి రెడ్డి గారి ముందు నిలబడ్డారు.

"అయ్యా, సెలవిస్తే బాయిలో దిగి గొట్టం అడుగు చూస్తా."

"నువ్వు బాయిలో దిగేదేందిరా?"

"ఇరవై ఏండ్లుగా నా తోలు దిగతా ఉండె గదయ్యా. ఈసారికి నేను దిగతా."

రెడ్డి గారు ఒకసారి మిరపతోట వైపు చూశారు. "సరే, దిగు. పైకొచ్చినాక ఎవురికీ చెప్పబాక" అన్నారు. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుంటే ఇక ఎవరికి చెప్పకూడదో!

నీళ్ళలో మునిగి ఉండే గొట్టం చివర చిన్న తలుపు వంటిది ఒకటి ఉంటుంది. నీళ్ళను పైకి పోనిచ్చి కిందికి జారనీయదు. దాని పేరు ఫుట్ వాల్వు. మా ఊళ్ళో 'ఫుట్‌బాల్' అన్నారు, ఇప్పటికీ అదే పేరు. ఆ తలుపు ఒక తోలు బిళ్ళ. కంపెనీ బిళ్ళ కుళ్ళిపోయి ఉంది. దేవసహాయం గారు ఆ బావి గట్టు మీదే పడి ఉన్న పాత తొండంలోంచి అరచేతి ముక్క కోసి, ఆముదంలో నానబెట్టి, మర్నాడు బిగించారు. కంపెనీ బిళ్ళ నెల తిరక్కముందే పోయింది. ఈయన బిళ్ళ రెండేళ్ళు నిలిచింది.

ఆ ఆదివారం ఆయన అటువంటి బిళ్ళనే ఒకటి అరచేతిలో పెట్టుకుని ఆరాధనలో లేచి నిలబడ్డారు. "కపిల పోతే మనం పోతామని ఏడ్చినారే. ఇదిగో, చూడండి. ఇంజను గుండెకాయ మన తోలే. పని చావదు. రూపు మారతాది, అంతే" అన్నారు.

వెనకనుంచి మాలకొండయ్య అన్నాడు: "రూపు మారినాక అది మనల్ని గుర్తు పట్టాల గదరా అబ్బీ."

అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ బిళ్ళనే ప్రసంగ విషయం చేసుకున్నాను. అప్పటికే గూడూరు అభ్రకం గనులనుంచి ఒక మేస్త్రీ వచ్చి మనుషుల్ని పిలుస్తున్నాడు. కొన్ని కుటుంబాలు సామాన్లు కట్టుకుని ఉన్నాయి. తొందరపడవద్దనీ, చేతిలో పని పెట్టిన దేవుడు ఆ చేతిని ఖాళీగా ఉంచడనీ చెప్పాను. దేవసహాయం గారి చేతిలోని బిళ్ళ, నా నోటిలోని మాట, ఈ రెండూ నమ్మి వాళ్ళు కట్టిన మూటలు విప్పారు. ఈ సంగతి రాయకుండా ఆయన గురించి రాస్తే నేను అబద్ధ సాక్షిని అవుతాను.

ఆ తరవాత మంచి రోజులే వచ్చినట్టు కనిపించింది. ఇంజన్లు పెరిగాయి. మెట్ట చేలల్లో రెండో పంట పచ్చగా నిలిచింది. ఆత్మకూరు బజారు రెండు వీధులు సాగింది. బస్సు బొగ్గు మానేసింది. దేవసహాయం గారు బజారు చివర ఒక పాక వేసుకుని బిళ్ళలు కోసేవారు. ఇంజను చక్రంతో పంపును తిప్పే తోలు పట్టాలు కుట్టేవారు. పల్లెలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నేర్పేవారు. వంకర కోస్తే ఆయనకు మండేది. "ఒరే, నీళ్ళకు కండ్లు లేవు, కానీ సందు యాడుందో దానికి తెలస్తాది" అని ముక్క విసిరేసేవారు. మళ్ళీ తానే తీసి, దుమ్ము దులిపి, ఎక్కడ తప్పిందో చూపించేవారు. ఇంజను చెడిందని ఏ ఊరినుంచి మనిషి వచ్చినా, తింటున్న కంచం ముందునుంచి లేచి పోయేవారు. ఆయన భార్య సుందరమ్మ, "ఈయన్ని ఇంజనుకిచ్చి పెండ్లి చేసింటే బాగుండు" అని చుట్టాల ముందు సాధించేది. "దానికి నోరుండాది గానీ తిట్టదే" అనేవారు ఆయన.

బావిలో దిగే విషయంలో ఆయనకు ఒక కట్టడి ఉండేది. చాలాకాలం క్రితం ఉదయగిరి దగ్గర పాడుబడిన బావిలో పూడిక తీయబోయి ఇద్దరు మనుషులు అడుగుననే ఒరిగిపోవడం ఆయన కళ్ళారా చూశారు. అప్పటినుంచి లాంతరు వెలిగించి తాడుతో దింపి, మంట నిలిచిందని చూడకుండా ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. 'దీపం ఆరిన కాడ మనిషీ ఆరతాడు' అనేది ఆయన మాట. పెద్దలనుంచి వచ్చిన పద్ధతే అది. కాని దానిని మా వైపు శాసనంలా పాటించేలా చేసింది ఆయనే. ఒక పడుచువాడు లాంతరు లేకుండా దిగబోతే జుట్టు పట్టి లాగి, "నీ పెండ్లాం వచ్చి అడిగితే నేనేం జెప్పాల్రా?" అన్నారు.

కష్టం ఎక్కడినుంచి మొదలైందో మొట్టమొదట గుర్తించింది మాలకొండయ్య. ఒక సాయంకాలం మా ఇంటి అరుగు మీద కూర్చుని అన్నాడు: "అయ్యోరా, కపిలకు ఏడాదికొక తోలు కావాల. ఈ బిళ్ళలకు? ఒక్క దున్నపోతు తోలుతో నాలుగూళ్ళ ఇంజన్లు నడస్తాయి. మిగతా తోళ్ళు మనం కప్పుకోవాల్నా?" నేను పక్కనే ఉన్న దేవసహాయం గారి ముఖం చూశాను. ఆయన తల వంచుకుని కత్తి నూరుతూనే ఉన్నారు. ఆ లెక్క ఆయనకు అప్పటికే తెలుసునని అర్థమయింది.

ఆ లెక్క తప్పించడానికే ఆయన పట్టాల మీద పడ్డారు. పట్టాకు పొడుగు తోలు కావాలి, ఎక్కువ చేతులు కావాలి. ఏడాది పాటు ఆ ఆశ నిలిచింది. ఇంతలో ఇంజన్లు తోడి తోడి బావుల్లో నీళ్ళు అడుగంటాయి. ఇంజను లేని చిన్న రైతుల కపిలలకు నీళ్ళు అందక, వాళ్ళు ఎద్దులను అమ్ముకున్నారు. తొండం కావాలని అడిగేవాడే లేకపోయాడు. సరిగ్గా అప్పుడే ఆత్మకూరు అంగళ్ళలోకి మద్రాసు నుంచి రబ్బరు బిళ్ళలు, రబ్బరు పట్టాలు వచ్చాయి.

ఆయన ఒక రబ్బరు బిళ్ళ కొని తెచ్చి మా ఇంట్లో నా ముందే పరీక్షించారు. వంచారు, లాగారు, నీళ్ళలో వేశారు, ఆముదంలో వేశారు. చివరికి, "బాగుండాది అయ్యోరా" అన్నారు. "అదే తంటా. బాగలేకుంటే తిట్టుకోనన్నా తిట్టుకుందును."

మంచి పనిని మంచిదని ఒప్పుకోకుండా ఉండలేని మనిషి ఆయన. తన కూడు తీసేసిన పనినైనా సరే. అందరిలాగే తానూ రబ్బరు తెచ్చి అమ్ముకుని ఉంటే ఆయన ఒక్కరూ బతికేవారు. "నేనొక్కణ్ణి ఒడ్డెక్కితే ఏం లాభం? వాళ్ళను ఆపింది నేను గదా" అన్నారు ఒకసారి. 'మనం' అనలేదు. నన్ను అందులో చేర్చకుండా తానే మోసుకున్నారు. పల్లెలో తోళ్ళు నానబెట్టే లందలు ఒక్కొక్కటే ఎండిపోయాయి.

ఇక ఆ మంగళవారం. నీళ్ళు బాగా దిగిపోవడం వల్ల వెంకురెడ్డి గారు ఇంజనును బావి లోపలికే దింపించి, పక్కగోడ తొలిచి పలకల మీద నిలబెట్టించారు. ఈ నడుమ అందరూ అలాగే చేస్తున్నారు. ఆ రోజు పొద్దుటినుంచి ఇంజను తిరిగింది. పొగ పైకి తెచ్చే గొట్టం ఎక్కడో చిట్లి ఉంది. అది ఎవరూ చూడలేదు. నీళ్ళు ఆగిపోతే ఇంజను ఆపడానికి దిగిన జీతగాడు పైకి వచ్చి వాంతి చేసుకున్నాడు. వడదెబ్బ అనుకుని చెట్టు కింద పడుకోబెట్టారు. దేవసహాయం గారికి కబురు పెట్టారు.

"కాసేపు ఆగి దిగు సహాయమూ, ఎండగా ఉండాది" అన్నారట రెడ్డి గారు. మొదటిసారి 'ఏందిరా' అన్న ఆ నోటితోనే.

దేవసహాయం గారు తన నియమం తప్పలేదు. లాంతరు దించారు. నీళ్ళ అంచుదాకా దించి, వంద అంకెలు లెక్కపెట్టారట. మంట తొణకలేదు. "ఎలగతా ఉండాది గదయ్యా" అని తాడు పట్టుకుని దిగారు. కాసేపు పానా మోత వినిపించింది. తరవాత ఏమీ వినిపించలేదు.

నేను పోయేసరికి వేపమండలు కట్ట కట్టి బావిలోకి దించి పైకీ కిందికీ ఆడిస్తున్నారు, గాలి మారాలని. గట్టు మీదినుంచి తొంగి చూశాను. ఆయన గోడకు ఆనుకుని, ఒడిలో ఫుట్ వాల్వు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పక్కన లాంతరు చక్కగా వెలుగుతోంది. చాలాసేపటికి ఒక మనిషి దిగి మోకు కట్టాడు. కపిల దూలం ఇంకా విరిగిపోలేదు. దానికి ఎద్దులను పూన్చారు. ముసలి మాలకొండయ్య తానే తోలాడు. ఎద్దులు వాలుదారిలో దిగుతుంటే ఆయన పైకి వచ్చారు.

మూడో రోజు ఇంజను కంపెనీ మనిషి నెల్లూరు నుంచి వచ్చాడు. ఇంజను పొగలో రంగూ వాసనా లేని విషం ఒకటి ఉంటుందనీ, దానికి దీపం ఆరదనీ, పాడుబావుల్లోని చెడుగాలికి మాత్రమే దీపం ఆరుతుందనీ చెప్పాడు. ఈ సంగతి ఇంజనుతోబాటు ఇచ్చిన కాగితంలో ఉందన్నాడు. వెంకురెడ్డి గారు లోపలికి పోయి ఆ కాగితం తెచ్చారు. ఇన్నేళ్ళూ ఇంటి వాసాల సందులో దోపి ఉందట. ఇంగ్లీషులో ఉంది. చదివాను. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. ఇన్నేళ్ళలో నన్ను చదవమని ఎవరూ అడగలేదు. అటువంటి కాగితం ఒకటి ఉంటుందని నాకూ తోచలేదు.

సమాధి దగ్గర నేను ఏమి బోధించానో నాకు జ్ఞాపకం లేదు. దేవుని మార్గాలు మన ఊహకు అందవని ఎందరి గోతుల దగ్గరో గట్టిగా చెప్పినవాణ్ణి. ఆ రోజు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. దేవుని మార్గం కాదు, మా మార్గమే అక్కడ కనిపించింది. దీపాన్ని నమ్మినవాడు దీపం వెలుగుతుండగానే చచ్చిపోయిన మార్గం. దీన్ని ఏ వాక్యంతో విప్పి చెప్పాలో నాకు తెలియదు. తెలిసిన దైవజనులెవరైనా ఉంటే నాకు రాయండి.

సమాధి అయిన వారం నుంచీ పల్లె కదిలిపోతోంది. గూడూరు మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆగమని నేను చెప్పలేదు. సంఘం విడిచి పోయే ప్రతి కుటుంబానికీ ఉపదేశి ఒక బదిలీ ఉత్తరం రాసివ్వాలి. పేరు, బాప్తిస్మం, నడవడి, వృత్తి అందులో ఉంటాయి. అందరికీ రాశాను. నిన్న సుందరమ్మ వదిన వచ్చి కూర్చుంది. ఆమెకూ రాశాను.

"ఏం రాసినావో చదువు" అంది.

చదివాను.

"తోలు పని అని ఉండేది కొట్టెయ్యి."

"అన్న ఇన్నేండ్లు పేరు నిలిపిన పని గదా వదినా."

"ఆయన పేరు ఆయన కాడ ఉండాది. ఈ కాయితం సూస్తే ఆడ తోలోళ్ళని ఎడంగా కూచోబెడతారు. కూలి అని రాయి."

కొట్టేసి, కూలి అని రాశాను. ఆమె కాగితం మడిచి కొంగున కట్టుకుంది. గడప దాటబోతూ ఆగింది.

"నువ్వెప్పుడు వస్తావు అయ్యోరా?"

"నేనెట్ట వస్తాను? సంఘం ఈడ ఉండాది గదా."

"యాడ?" అంది.

దేవసహాయం గారూ, మృతులు లేచే దినాన్ని నేను నమ్ముతున్నాను. మీరూ నమ్మారు. ఆ దినాన మీ వేళ్ళకు తంగేడు రంగు ఉంటుందో లేదో నాకు తెలియదు. ఉంటే బాగుండునని నా కోరిక. పోయినవారి లోటు తీరదని రాయడం వాడుక. మీ విషయంలో లోటు తీర్చే మనిషి వచ్చినా కూర్చోవడానికి పల్లె లేదు, కోయడానికి తోలు లేదు. ఎవరికీ అక్కరలేని పనిని ఆఖరిదాకా చక్కగా చేసిన మీ చేతులకు నా నమస్కారం.